కారులో మాట వినబడాలంటే

"మోత వస్తున్నది గాని మాట రావటం లేదు, నాయనా."

పెనుగొండలో ఒక పెద్దాయన తమ కారులోని రేడియోను గురించి నాతో అన్న మాట ఇది. ఆయనకు చూపు మందగించి, పత్రిక చదవటం మానుకొని కొన్నేళ్లయింది. నెలకొక పర్యాయం కంటి వైద్యం కొరకు కుమారుడు ఆయనను రాజమహేంద్రవరం తీసుకొని వెళతాడు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, రావులపాలెం దాటిన పిమ్మట జొన్నాడ దగ్గర గౌతమిని దాటి పోయే దారి అది. ముందు సీటులో కుమారుని పక్కన కూర్చొని ఆ దారి పొడుగునా రేడియో వినటం ఆయనకు అలవాటు. వార్తలు వినవలెను, అదృష్టవశాత్తు ఆ వేళకు హరికథో నాటకమో తగిలితే అదీ వినవలెను. కొంతకాలంగా ఆ భాగ్యం ఆయనకు తప్పిపోయింది. స్వరం హెచ్చిస్తే కారు తలుపులు అదరటమే గాని, చదువుతున్న వార్త ఏ ఊరిదో తెలియటం లేదు.

కుమారుడు ఊరుకొనే వాడు కాడు. ఉన్న సెట్టును తీసివేసి పెద్ద తెరగల కొత్త సెట్టు, నాలుగు స్పీకర్లు, సీటు కింద ఒక సబ్‌వూఫరు, వీటికి తగిన ఆంప్లిఫయరు పెట్టించుటకు బేరం కుదుర్చుకొన్నాడు. ఇంకా బయానా ఇవ్వలేదు. "మీరు రేడియోలో పనిచేసేవారు గదండీ, ఒక్కసారి చూసి చెప్పండి" అని నన్ను కారు దగ్గరకు తీసుకొని వెళ్లాడు. ఆ మధ్యాహ్నం మేము చూచినదీ, చేసినదీ ఇక్కడ చెబుతున్నాను. ఫ్యాక్టరీవారు బిగించి ఇచ్చిన సెట్టుతో తృప్తి లేక, ఎక్కువ సొమ్ము పెట్టనూ లేక ఉన్న ఇళ్లు చాలా ఉన్నవి గనుక ఇది పలువురికి అక్కరకు రావచ్చు.

ముందుగా మాట అనేది ఏమిటో కొంచెం తెలుసుకోవలె. మన గొంతులోని గాంభీర్యం కింది స్థాయి కంపనాలలో ఉన్నది. పురుషుల కంఠంలో ఇవి సెకనుకు 100 ప్రాంతంలో మొదలవుతవి. స్త్రీల కంఠంలో 200 ప్రాంతంలో. కాని అర్థాన్ని మోసేవి ఇవి కావు. క, త, ప, స, శ వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకదానిని విడదీసి చూపేవి సెకనుకు సుమారు 2,000 మొదలు 5,000 వరకు, కొన్ని అంతకు పైన ఉండే సన్నని కంపనాలు. అచ్చులలో బలం ఉన్నది, హల్లులలో తెలివి ఉన్నది అనవచ్చు. ఇక కారు పరుగెత్తేటప్పుడు పుట్టే రొద, అనగా చక్రాల రాపిడి, ఇంజను గురక, ఎక్కువ భాగం కింది స్థాయిలోనే ఉంటుంది. ఆ రొదమీద మరికొంత కింది ధ్వనిని పోస్తే ఆ ముసుగులో హల్లులు మరింతగా మునిగిపోతవి. పెద్దాయన చెప్పిన జబ్బుకు సబ్‌వూఫరు మందు కాదు. ఆ సంగతి చెప్పేసరికి కుమారుని ముఖం కొంత చిన్నబోయింది. పాటలు వినేది ఆయన గదా!

మరొక పరిమితి ఉన్నది. అది మా వైపుది. మధ్యతరంగం మీద కేంద్రానికీ కేంద్రానికీ నడుమ 9 కిలోహెర్ట్జుల ఎడమే ఉంటుంది. అందుచేత గ్రాహక యంత్రాలు సుమారు 4,000, 5,000 కంపనాలకు పైనున్న దానిని కోసివేస్తవి. కారు సెట్లు కొన్ని ఇంకా ముందే కోస్తవి. ఎఫ్.ఎం. ప్రసారంలో ఇది 15,000 వరకు సాగుతుంది. కాబట్టి ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా 837 కిలోహెర్ట్జుల మీద వచ్చే విజయవాడ వార్తలకు లేని నిగారింపు రాదు. బావిలో ఉన్న నీరే చేదలోకి వస్తుంది. ఉన్న నీటిని ఒలకకుండా పైకి తేవటమే మన పని.

కారు ఆపి ఉండగానే సెట్టు పెట్టించి 837 విన్నాము. మాట వెనుక సన్నని జుమ్మనే నాదం ఒకటి విడవకుండా ఉన్నది. సిగరెట్టు లైటరు రంధ్రంలో ఫోను చార్జరు ఒకటి, దాని పక్కన మరొకటి గుచ్చి ఉన్నవి. రెండూ ఊడబెరికించాను. ఆ నాదం ఆగిపోయింది! ఈ చవక చార్జర్లు బ్యాటరీ 12 వోల్టులను 5 వోల్టులకు దించటం కొరకు విద్యుత్తును సెకనుకు వేలకొలది, లక్షలకొలది పర్యాయాలు తెంచి కలుపుతుంటవి. ఆ తెంపుల చప్పుడు మధ్యతరంగంలో చొరబడుతుంది. తగిన వడపోత ఉన్న మంచి చార్జరు ఇంత బాధ పెట్టదు. ఇంజను వేగంతో పాటు హెచ్చుతూ తగ్గుతూ ఉండే కూత వేరు, అది ఆల్టర్నేటరుది. సెట్టు భూమి తీగ సరిగా బిగియనప్పుడు సాధారణంగా వస్తుంది. ఈ కారులో ఆ కూత లేదు.

రొద పోయినది గాని కేంద్రం నీరసంగానే వస్తున్నది. మూడేళ్ల క్రితం సెట్టు పాడై వేరొకటి బిగించారని కుమారుడు చెప్పాడు. స్క్రూలు ఊడదీసి సెట్టును ముందుకు లాగి చూచితే వెనుక ఒక నీలం తీగ దేనికీ తగలకుండా వేలాడుతున్నది. ఈ తీగను గురించి కొంచెం విస్తరించి చెబుతాను. ఎందుకంటే సెట్టు మార్చిన పిమ్మట "మా ఊళ్లో రేడియో అందటం లేదు" అని చెప్పే వారిలో కొందరి కష్టం ఇక్కడే ఉన్నది.

వెనుకటి కార్లకు మూడడుగుల ఇనుప ఏరియల్ ఉండేది. నేటి కార్లకు పైకప్పు మీద జానెడు పుల్లో, చేప రెక్క వంటి చిన్న బిళ్లో ఉంటున్నది. 837 కిలోహెర్ట్జుల తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అంత తరంగం నుంచి జానెడు పుల్ల పట్టగలిగింది బహు స్వల్పం. అందుకని ఏరియల్ మొదట్లోనే చిన్న ఆంప్లిఫయరును అమరుస్తారు. దానికి 12 వోల్టులు కావలె. ఆ విద్యుత్తు సెట్టు నుంచి, చాలా కార్లలో నీలం తీగ ద్వారా, పోతుంది. సెట్టు మార్చినవారు పసుపు, ఎరుపు, నలుపు తీగలు కలుపుతారు; పాట వస్తుంది; పని అయినదనుకొంటారు. నీలం తీగ మిగిలిపోయినా కొనేవానికి వెంటనే తెలియదు, దుకాణంలో ఫోను పాటే గదా వినిపించేది! ఆ తీగను సెట్టుకు కలిపిన పిమ్మట విజయవాడ మనిషి ఎదుట కూర్చొని మాట్లాడినట్లు వచ్చింది. దీనికి ఖర్చు మూరెడు ఇన్సులేషను టేపు.

ఇదే తరగతికి చెందిన మరొక చిక్కు చెప్పి ముందుకు పోతాను. బంధువులు అమెరికా నుంచి తెచ్చిన సెట్లు మన జిల్లాలలో కొన్ని ఇళ్లకు చేరినవి. అక్కడ మధ్యతరంగ కేంద్రాల ఎడం 10 కిలోహెర్ట్జులు. ఇక్కడ 1978 నుంచి 9. 837ను 9తో భాగిస్తే సరిగా 93 వస్తుంది. 10తో భాగిస్తే మిగులు తేలుతుంది. అక్కడి అమరికతో ఉన్న సెట్టు 830 దగ్గర ఆగుతుంది, తరువాత 840కి దూకుతుంది. ఎఫ్.ఎం.లోనూ అంతే. అది 102.1, 102.3 చూపుతుంది గాని విజయవాడవారి 102.2ను చూపదు. సెట్టు చెడలేదు. దాని అమరికలలో ప్రాంతం అనే చోట అమెరికాకు బదులు ఆసియా అని మార్చుకొంటే సరిపోతుంది.

ఇక స్పీకర్లకు వచ్చాము. రేడియోవానికి తెలిసిన ఒక చిట్కా ఉన్నది: కారు స్పీకర్లను పరీక్షించుటకు సంగీతం కన్న వార్తలు చదివే గొంతు మేలు. మధ్యతరంగ ప్రసారం ఒకే పాయగా వస్తుంది గనుక రెండు ముందు తలుపుల నుంచీ ఒకే ధ్వని రావలె. ఆ చదివే మనిషి సరిగా నట్టనడుమ, అద్దం ముందు నిలిచినట్లు తోచవలె. ఈ కారులో ఆ మనిషి ఎక్కడా నిలవలేదు. గొంతు పలుచబడి నలుదిక్కులా చెదిరినట్లున్నది. బ్యాలెన్సును పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ఆ వైపు గొంతు గట్టిపడింది. స్పీకర్లలో ఒకటి తిరగబడినదనుటకు ఇది గుర్తు. ఒక స్పీకరు గాలిని ముందుకు నెట్టే క్షణంలోనే రెండవది వెనుకకు లాగుతున్నది. ఒకటి పెట్టిన దానిని మరొకటి తీసివేస్తున్నది.

నిర్ధారణ సులభం. స్పీకరు తీగలను సెట్టు నుంచి విడదీసి, విడదీయటం మరువరాదు, ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లును క్షణకాలం తాకించవలె. ధనధ్రువం గుర్తుకు సెల్లు ధనధ్రువం తాకినప్పుడు కాగితపు గరాటు బయటకు ఉబకవలె. కుడి తలుపుది లోపలికి పోయింది. ఎప్పుడో ఎవరో తీగలు తారుమారు చేశారు. ఎడమ తలుపుది, అనగా పెద్దాయన మోకాలి పక్కది, ఉబకటమూ లేదు, పోవటమూ లేదు. గరాటు అంచు నాని, కుళ్లి, సగం ఊడిపోయి ఉన్నది.

దీనికి మన నేలను తప్పు పట్టవలె. కారు తలుపు లోపలికి వాన నీరు రానే వస్తుంది. అద్దం పక్కనుంచి దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల ద్వారా బయటకు పోవునట్లు తలుపును కట్టుతారు. డెల్టాలో ఆ రంధ్రాలు మట్టితో పూడుతవి. పంట కాలువల గట్ల మీద, వరిచేల నడుమ తిరిగే బండ్లకు మరీ త్వరగా. నీరు నిలిచి, ఆవిరై, కాగితాన్ని తింటుంది. కాగితపు గరాటు స్వతహాగా చెడ్డది కాదు, మాటకు చాలా బాగుంటుంది కూడా. కాని ఈ తేమలో పాలీప్రొపిలీను గరాటు, రబ్బరు అంచు ఉన్నవి ఎక్కువ కాలం నిలుస్తవి. కొత్తవి కొనకముందే సన్నని పుల్లతో ఆ రంధ్రాలను శుభ్రం చేసుకోవటం మంచిది.

కొనవలసింది ఏమిటంటే, ముందు తలుపులకు ఒక జత. అంతే. వెనుకవి ఉన్నవే ఉండనిచ్చాము. తల్లి, పిల్లలు వెనుక కూర్చునే ఇల్లయితే లెక్క మారవచ్చు. ఇక్కడ వినేవారిద్దరూ ముందే ఉన్నారు.

దుకాణంలో పెట్టెల మీద అచ్చువేసిన వాట్లను చూచి మోసపోరాదు. సెట్టు మీద "50 వాట్లు, నాలుగు" అని ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు కారు విద్యుత్తు సుమారు 14.4 వోల్టులు. మామూలు కారు స్పీకరు నిరోధం 4 ఓములు. ఈ వోల్టులతో ఆ ఓముల మీద తిన్నని తరంగం ఇయ్యగలిగిన శక్తి లెక్క కట్టితే 26 వాట్లు దాటదు. సెట్టు తాను తినేది పోగా 20కి అటుఇటుగా మిగులుతుంది. తక్కినది అచ్చులో ఉన్నది గాని తీగలో లేదు. అటువంటి సెట్టుకు "300 వాట్లు" అని రాసిన స్పీకరు తగిలించినంత మాత్రాన ఒరిగేది ఏమీ లేదు. చూడవలసింది ఆ స్పీకరు ఒక వాటుకు ఎంత ధ్వని ఇస్తుందనేది. దానిని సెన్సిటివిటీ అని డెసిబెల్లులలో రాస్తారు. 89 ఉన్న దాని కన్న 92 ఉన్నది కొన్నామంటే సెట్టు శక్తిని రెండింతలు చేసినట్లే. ఎందుకంటే శక్తి రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్లులే. ఆంప్లిఫయరుకు పెట్టే డబ్బు ఈ ఒక్క అంకె చూచి కొనటంలో చాలావరకు మిగిలిపోతుంది.

ఈ 12 వోల్టుల ఇరుకు కారు రేడియోకు పుట్టుకతో వచ్చినదే. 1930లో చికాగోలో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియోలు అమ్మిన కాలంలో వాల్వులకు వందల వోల్టులు కావలసి వచ్చేది; కారు బ్యాటరీ ఇచ్చేది 6. కంపించే నాలుక ఒకటి పెట్టి, విద్యుత్తును తెంచి తెంచి పెంచే పద్ధతి ఆ దశకంలో వచ్చింది. ఇప్పటి చార్జరు చేసే రొదకు అది తాత అనుకోవచ్చు. వాల్వులు పూర్తిగా లేని కారు రేడియో 1955లో ఫిల్కోవారు క్రైస్లర్ కార్ల కొరకు చేశారు.

పెనుగొండ కారుకు ఆరున్నర అంగుళాల జత సరిపోయింది. ట్వీటరు నడుమనే అమర్చిన రకం తీసుకొన్నాము. ట్వీటరు వేరుగా వచ్చే జతలు మరింత బాగుంటవి గాని, వాటికి అద్దం పక్కన చోటు చేసి తీగ లాగే కూలి స్పీకరు ఖరీదును మించిపోతుంది. కొనేముందు స్పీకరు లోతు కొలుచుకోవలె. కిందికి దిగిన కిటికీ అద్దం అయస్కాంతానికి తగలరాదు.

అందరూ అశ్రద్ధ చేసేది తలుపును. స్పీకరు గరాటు ముందువైపు పుట్టించిన ధ్వనికి విరుద్ధమైన ధ్వని వెనుకవైపు పుడుతుంది. తలుపు లోపలి రేకుకు చేయి పట్టేంత రంధ్రాలు ఉంటవి. ఆ వెనుక ధ్వని వాటి నుంచి బయటకు వచ్చి ముందు ధ్వనిని చంపుతుంది. కింది స్థాయి పోయి, రేకు మోత మిగులుతుంది. ఆ రంధ్రాలను బ్యూటైల్ రబ్బరు రేకుతో మూసి, బయటి రేకు లోపలివైపు స్పీకరుకు ఎదురుగా అదే రబ్బరు ముక్క ఒకటి ఒత్తి అంటించితే తలుపు పెట్టెగా మారుతుంది. సబ్‌వూఫరు కావలెనన్న కోరిక సగం అక్కడే తీరుతుంది. స్పీకరు కింద పెట్టే చెక్క వలయానికి నీటికి ఓర్చే ప్లైవుడ్ వాడి రంగు వేయవలె; పొట్టుతో ఒత్తిన అట్ట బల్ల మన తొలకరికే ఉబ్బిపోతుంది. అడుగు రంధ్రాలు మాత్రం మూయరాదు. కొన్ని కొత్త కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు కొరకు తలుపు లోపలి గాలి ఒత్తిడిని కనిపెట్టే యంత్రం ఉంటుంది. అటువంటి తలుపును తయారీవారి కేంద్రంలో అడగకుండా ముట్టరాదు. ఎయిర్‌బ్యాగు తీగలకు సాధారణంగా పసుపు తొడుగు ఉంటుంది. వాటి దగ్గరకే పోవద్దు.

తీగల విషయంలో మరి రెండు. పాత కార్లలో స్పీకరు రెండవ తీగను కారు శరీరానికి బిగించటం ఉండేది; నేటి సెట్టుకు ఆ పని చేస్తే సెట్టు కాలిపోవచ్చు. ఒకే జత కొసలకు రెండు స్పీకర్లు పక్కపక్కన తగిలించినా భారం 2 ఓములై సెట్టు వేడెక్కుతుంది. ఎవరైనా ఆంప్లిఫయరు పెట్టించి తీరవలెననుకొంటే బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ పక్కనే, జానెడు రెండు జానల లోపల, ఫ్యూజు ఉండవలె. ఆ తీగ ఎక్కడైనా ఒరసి రేకుకు తగిలితే కారును కాపాడేది అదొక్కటే. ఫ్యూజు లేని బిగింపును ఎంత చవకగా చేసినా ఒప్పుకోవద్దు.

మరి సెట్టు మాటేమిటని కుమారుడు అడిగాడు. దాని కొలత 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. జర్మనులు స్థిరపరచిన ఈ కొలత తరువాత ప్రపంచమంతటికీ ప్రమాణమైంది. దీనికి రెండింతల ఎత్తు చోటు ఉన్న కార్లలో 100 మిల్లీమీటర్ల తెర సెట్టు పడుతుంది. మార్చవలెనంటే కారు తీగలు కోయకుండా, ఆ కారుకు సరిపడే కప్లరు కొని కలుపుకోవచ్చు. కాని కొనేముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఇందులో మధ్యతరంగం ఉన్నదా? తెర సెట్లు కొన్నింటిలో ఆ విభాగమే లేదు; ఉన్నవాటిలో కొన్ని పేరుకు ఉన్నవి. విదేశాలలో విద్యుత్ కార్ల తయారీదారులు కొందరు మోటారు రొదను అణచలేక మధ్యతరంగాన్ని ఏకంగా తీసివేశారు.

"ఫోనులో ఆకాశవాణి యాప్ ఉన్నది గదండీ, బ్లూటూత్ మీద వినిపిస్తాను" అన్నాడాయన. నిజమే, అంతర్జాలం అందే చోట ఆ ధ్వని మధ్యతరంగం కన్న తేటగా ఉంటుంది, కొత్తగా కొనవలసినదీ లేదు. పెద్దాయన అప్పటివరకు పలకలేదు. చేయి చాచి సెట్టు మీది గుండ్రని మీటను వెదకి పట్టుకొన్నాడు. "ఇది ఉంటే నేను తిప్పుకొంటానురా. ఆ అద్దం బిళ్ల మీద ఎక్కడ నొక్కాలో నాకేం కనబడుతుంది?" అన్నాడు. ఆ మాటతో పాత సెట్టు నిలిచిపోయింది. ఒకటవ మీటకు 837ను గుర్తుపెట్టించి, ఆ మీట మీద చిన్న రబ్బరు బొడిపె అంటించాము.

చివర మిగిలినది మీటల సవరింపు. బేస్ సగానికి పైగా హెచ్చించి ఉన్నది; దానిని నడిమికి కన్న కొంచెం దిగువకు దింపి, మధ్యస్థాయిని ఒక మెట్టు పెంచాము. లౌడ్‌నెస్ అనే మీటను ఆర్పాము. అది మెల్లగా వినేటప్పుడు కింది ధ్వనిని పెంచుటకు పెట్టినది, వార్తలకు అడ్డు. ఫేడరును కొంత ముందుకు జరిపాము. స్వరం హెచ్చించి వినటం ఒక పరిష్కారం కానే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు 80 డెసిబెల్లులు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్లులకు ఆ కాలం సగమవుతూ పోతుంది. అదీగాక నడిపేవానికి వెనుక లారీ హారను వినబడవలె.

తరువాతి నెల రాజమహేంద్రవరం ప్రయాణానికి నన్నూ ఎక్కించుకొన్నారు. వెనుక సీటు నాది. జొన్నాడ వంతెన మీద గాలి హోరు హెచ్చేసరికి కుమారుడు అలవాటు చొప్పున స్వరం పెంచబోయాడు. పెద్దాయన ఆ చేతిని ఆపి, తానే మీటను పట్టుకొని ఒక గీత వెనుకకు తిప్పాడు.

"అక్కర్లేదురా, వినబడుతున్నది" అన్నాడు.